వాగ్గేయకారుల జీవితచరిత్ర రచన: కంచర్ల గోపన్న చెర, బండి యాదగిరి పేరు

వ్యాససంగ్రహం:

వాగ్గేయకారుల జీవితచరిత్రలకు వారి కృతులే ప్రధానాధారాలుగా నిలుస్తున్నాయి. కృతులను జీవితకథ ప్రకారం వరుసపెట్టడం, ఆ వరుసనే మళ్ళీ జీవితానికి రుజువుగా చూపడం మన పరిశోధనలో తరచు కనిపించే దోషం. భద్రాచల రామదాసు కారాగారవాసాన్ని ప్రధానోదాహరణగా తీసుకొని, కీర్తన, సమకాలిక చరిత్ర, ఐతిహ్యం అనే మూడు రకాల ఆధారాలను ఏ మేరకు నమ్మవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూర్యాపేట ప్రాంతపు పోరాటగీతం విషయంలో ఇదే సమస్య వేరొక రూపంలో ఎలా ఎదురవుతుందో చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: వాగ్గేయకారుడు, జీవితచరిత్ర, రామదాసు, ఐతిహ్యం, బండి యాదగిరి, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ ప్రాంతం నుంచి కోదాడ మీదుగా ఖమ్మం వైపు సాగితే దారిలో నేలకొండపల్లి వస్తుంది. భద్రాచల రామదాసుగా లోకానికి తెలిసిన కంచర్ల గోపన్న స్వగ్రామం అదే. ఆయన పేరిట అక్కడ ధ్యానమందిరం ఉంది. గోపన్న జీవితం గురించి తెలియని తెలుగువారు అరుదు. తహసీలు సొమ్ముతో గుడి కట్టించడం, గోలకొండ చెరసాల, తానీషాకు రామలక్ష్మణుల దర్శనం, ఆరు లక్షల పైకం చెల్లింపు, విడుదల - ఈ ఘట్టాలను హరికథలో విననివారు చలనచిత్రంలోనైనా చూసి ఉంటారు.

గోపన్న తరువాత సుమారు రెండువందల డెబ్బై ఏళ్ళకు సూర్యాపేట ప్రాంతంలో పుట్టిన మరొక పాటా తెలుగునేల అంతటికీ తెలుసు. తెలంగాణ సాయుధ పోరాట కాలపు ‘బండెనక బండి కట్టి’ అది. దాని కర్తగా చెప్పే బండి యాదగిరి జీవితం గురించి మాత్రం నాలుగు వాక్యాలు పూర్తిగా చెప్పగలిగినవారు తక్కువ. ఒకరి విషయంలో కథ జీవితాన్ని కప్పేసింది. మరొకరి విషయంలో పాట మిగిలి మనిషి కనుమరుగయ్యాడు. వాగ్గేయకారుల చరిత్ర రాయబూనినవారికి ఈ రెండు చిక్కులూ ఎదురవుతాయి.

శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో వాగ్గేయకారుణ్ణి నిర్వచించేటప్పుడు మాతువును, ధాతువును, అంటే మాటను, దాని గేయరూపాన్ని రెండింటినీ కూర్చగలవాడికే ఆ పేరు ఇచ్చాడు. కవి జీవితం రాసేవారికి తాళపత్రమో ముద్రిత గ్రంథమో కొంత ఆసరాగా నిలుస్తుంది. వాగ్గేయకారుడి విషయంలో సగం సృష్టి గొంతులో ఉంటుంది. ఆ గొంతు పోయాక మిగిలిన సగాన్ని పట్టుకొని మొత్తం మనిషిని నిర్మించవలసి వస్తుంది.

2. ఎవరి జీవితాలు గ్రంథస్థమయ్యాయి?

ప్రతిభను బట్టి జీవితచరిత్రలు పుట్టాయనుకోవడం పొరపాటు. వంశంలోనో శిష్యవర్గంలోనో కలం పట్టినవాడు ఉన్నచోటే అవి పుట్టాయి.

తాళ్ళపాక అన్నమాచార్యుల చరిత్రను ద్విపదలో రాసినవాడు ఆయన మనుమడు చిన్నన్న, అనగా చిన తిరువేంగళనాథుడు. ఆ కుటుంబానికి తిరుమల ఆలయంతో ఉన్న సంబంధం వల్ల సంకీర్తనలు రాగిరేకులకెక్కాయి. రేకుల ఆరంభంలోని వచనం కాలనిర్ణయానికి మనకున్న అతి గట్టి ఆధారం. అన్నమయ్యకు పదహారేళ్ళ వయస్సులో, శక సంవత్సరం 1346 క్రోధిలో సంకీర్తన రచన మొదలైందని, శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా సాగిందని అందులో ఉంది. క్రీస్తుశకంలో ఇవి 1424, 1503 సంవత్సరాలు. జననం 1408 అన్న నిర్ణయం ఈ లెక్క నుంచే వచ్చింది. రేకు తేదీ చెబితే ద్విపద కథ చెప్పింది. సాళువ నరసింహరాయలు తనపై పాట కట్టమనగా అన్నమయ్య నిరాకరించడం, సంకెలలు వేయించడం, పాట పాడగానే అవి ఊడిపోవడం చిన్నన్న ద్విపదలోని ఘట్టాలు. రెండూ ఒకే కుటుంబం నుంచి వచ్చినా సాక్ష్యంగా రెండింటి బరువూ ఒకటి కాదు.

ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురంలో మరణించారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు పుట్టింది 1839లో. అంటే పెదతండ్రిని ఆయన చూడలేదు, ఇంట్లో విన్నాడు. ఆ విన్నది 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’తో పాటు అచ్చైన ‘వాగ్గేయకార చరిత్రము’లోకి చేరింది. తమిళదేశంలోని ఒక సంస్థానంలో, తెలుగులో వెలువడిన ఈ రచన తరువాతి చరిత్రకారులందరికీ మూలమైంది. త్యాగరాజస్వామి (1767-1847) విషయంలో ఆ పని వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్‌లది. అది శిష్యుల కలం. ఈ చెదురుమదురు సామగ్రిని తెలుగువారి దృష్టితో ఒకచోట కూర్చినది బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

గోపన్నకు మనుమడు రాసిన ద్విపద లేదు. రాగిరేకు లేదు. ఆయన చరిత్రను భజన గోష్ఠులు నిలబెట్టాయి. భజనకు తేదీతో పని లేదు.

3. పన్నెండేళ్ళ లెక్క:

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం గోపన్న అక్కన్న మాదన్నల మేనల్లుడు. మేనమామల పలుకుబడితో పాల్వంచ పరగణా తహసీల్దారు అయ్యాడు. వసూలైన సొమ్ముతో భద్రాద్రిపై ఆలయం కట్టించాడు. అబుల్ హసన్ తానీషా ఆయనను పన్నెండేళ్ళు చెరలో ఉంచాడు.

గోలకొండ చరిత్రలో రూఢిగా తెలిసిన సంవత్సరాలను ఈ కథ పక్కన పెట్టి చూడాలి. అబ్దుల్లా కుతుబ్‌షా 1672లో మరణించగా తానీషా గద్దెనెక్కాడు. మాదన్న సర్వాధికారి కావడం ఆ తరువాత రెండేళ్ళలో జరిగిన సంగతి. 1686లో అన్నదమ్ములిద్దరూ హత్యకు గురయ్యారు. 1687 సెప్టెంబరులో కోట ఔరంగజేబు వశమైంది. మాదన్న అధికారకాలం మొత్తం కలిపితేనే పన్నెండేళ్ళు. ఉద్యోగం రావడం, పన్నులు వసూలు కావడం, కొండమీద రాతి ఆలయం లేవడం, నగలు చేయించడం, ఫిర్యాదు గోలకొండకు చేరడం - వీటికి కొన్ని సంవత్సరాలైనా పట్టాలి. ఆ పైన పన్నెండేళ్ళ చెర కలిపితే విడుదల నాటికి విడుదల చేయవలసిన సుల్తానే దౌలతాబాదు కోటలో బందీగా ఉంటాడు.

ఈ చిక్కు విప్పడానికి రెండు దారులున్నాయి. గోపన్న ఉద్యోగాన్ని అబ్దుల్లా కాలానికి జరపడం మొదటిది. అప్పుడు మేనమామల సిఫారసు కథ వదులుకోవలసి వస్తుంది. చెర కాలాన్ని తగ్గించడం రెండోది. అప్పుడు పన్నెండు అన్న సంఖ్యను వదులుకోవాలి. నా దృష్టిలో రెండోదే సబబు. దానికి కారణం ఐతిహ్యంలోనే దొరుకుతుంది. గోపన్న పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడని, రోజుకొక ఏడు చొప్పున ఈ జన్మలో అనుభవించాడని కథ. అంటే పన్నెండు అనేది కర్మఫల న్యాయానికి కుదిరిన సంఖ్య. చెరసాల దస్తావేజు నుంచి వచ్చిన సంఖ్య కాదు. దౌలతాబాదులో తానీషా గడిపిన బందీ జీవితమూ సుమారు పన్నెండేళ్ళే కావడం విచిత్రం. రాజు చెర లెక్క భక్తుడి కథకు అంటుకుందా అన్న ఊహ కలగకపోదు. అది ఊహ మాత్రమే. దానిమీద ఏదీ కట్టరాదు.

పన్నెండును తీసేస్తే చెర మొత్తం కల్పన అయిపోదు. గోలకొండ రాజ్యంలో పరగణాల వసూలు హక్కును ఇజారాకు ఇచ్చేవారు. ఒప్పుకొన్న మొత్తం కట్టలేని అధికారికి జరిగే శాస్తి తీవ్రంగా ఉండేది. మచిలీపట్నంలో ఆంగ్ల వర్తక సంఘ ప్రతినిధిగా పనిచేసిన విలియం మెథోల్డ్, బకాయి పడ్డ బ్రాహ్మణ పాలకుడొకణ్ణి 1614లో బెత్తాలతో చచ్చేదాకా కొట్టించిన సంగతి రాశాడు. ఇది గోపన్నకు రెండు తరాల ముందటి మాట. ఆ రాజ్యపు రివాజు తెలిసినవారికి ఒక తహసీల్దారు బకాయి పడి చెరసాలకు వెళ్ళడం, దెబ్బలు తినడం ఆశ్చర్యం కలిగించవు. మేనమామలు ఎందుకు అడ్డుపడలేదన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే వెతకాలి. బ్రాహ్మణ సోదరుల పెత్తనాన్ని సహించనివారు గోలకొండ దర్బారులో తక్కువేమీ లేరు. 1686 నాటి హత్యలు అందుకు సాక్ష్యం. మేనల్లుడి బకాయిని మాఫీ చేస్తే ఎవరి నోటికి పని దొరికేదో మాదన్నకు తెలియకపోదు.

గోలకొండ కోటలో ‘రామదాసు బందీఖానా’ అని చూపే గది ఉంది. గోడమీద దేవతామూర్తులు చెక్కి ఉన్నాయి. స్థలం చూపడం ఐతిహ్యానికి ఉన్న బలమైన అలవాటు. చూసినవారికి నమ్మకం కలుగుతుంది. అయితే ఆ గోడ ఏ మనిషి ఎన్నేళ్ళు అక్కడ ఉన్నాడో చెప్పదు.

4. కీర్తన ఏ మేరకు సాక్ష్యం?

రామదాసు కీర్తనల సంపుటాలు అనేకం కథాక్రమాన్ని అనుసరిస్తాయి. మొదట స్తుతి, తరువాత ఆర్తి, దెబ్బల బాధ, నిష్ఠూరం, నిందించినందుకు క్షమాపణ, చివరికి దర్శనానందం. చదువరికి ఇది ఆత్మకథలా తోస్తుంది. ఆ వరుస పెట్టినదెవరు అన్న ప్రశ్న వేసుకొంటే చిత్రం మారుతుంది. కథ తెలిసిన సంకలనకర్త పాటలను కథకు తగినట్టు పేర్చాడు. ఆ పేర్పును చూసి చరిత్రకారుడు ‘కీర్తనలే చెబుతున్నాయి’ అని కథను స్థిరపరిచాడు. పాము తన తోకను తానే మింగుతున్నట్టు ఆధారం ఆధేయం ఒకటైపోయాయి.

నిష్ఠూరం భక్తికవిత్వంలో ఒక రీతి. దేవుణ్ణి తిట్టడానికి చెరసాలలో ఉండనక్కరలేదు. త్యాగరాజూ నిలదీశాడు, క్షేత్రయ్య నాయిక గోపాలుణ్ణి దెప్పింది. వీరెవరినీ ఆ కారణంగా మనం బందీలుగా భావించడం లేదు.

మరి కొన్ని కీర్తనల్లో మాత్రం రీతికి మించినదేదో ఉంది. ఇక్ష్వాకు వంశతిలకుణ్ణి సంబోధించే ప్రసిద్ధ కీర్తనలో గోపన్న ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత పట్టిందో లెక్క చెబుతాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. ఇంత పద్దు ఇంకే తెలుగు వాగ్గేయకారుడి పాటలోనూ కనిపించదు. దేవుడితో జమాఖర్చుల భాషలో మాట్లాడినవాడు కచేరీలో కూర్చొని చిట్టా చూసినవాడై ఉంటాడని అనుకోవడం న్యాయం. వృత్తి భాషలోకి దిగింది. జీవితచరిత్రకారుడికి ఇది విలువైన సాక్ష్యం.

అంతమాత్రాన ఆ అంకెలను ఖజానా లెక్కలుగా తీసుకోరాదు. ఆ కీర్తనలో నగ తరువాత నగకు పట్టినది పదివేలే. ఒకచోట వరహాలు, మరొకచోట మొహరీలు. పాటకు పదివేలు అనే మాట నడక ఇస్తుంది, పేష్కారుకు ఇవ్వదు. క్షేత్రయ్య కూడా ఒక పదంలో తాను ఎవరి ఎదుట ఎన్ని పదాలు చెప్పాడో లెక్కపెట్టుకొన్నాడు. మధుర తిరుమలేంద్రుడికి రెండువేలు, విజయరాఘవుడికి వెయ్యి, గోలకొండ పాదుషాకు పదిహేనువందలు. ఆ పదం వల్ల ఆయన ఏయే ఆస్థానాలు చూశాడో తెలుస్తుంది. పదాల సంఖ్య దగ్గర మాత్రం నిదానించాలి. ఒకే రచనలో ఒక సంగతి నమ్మదగినదిగా, పక్కనున్నది అలంకారంగా ఉండవచ్చు. పాటను మొత్తంగా నమ్మడం, మొత్తంగా తోసిపుచ్చడం రెండూ తొందరపాటు పనులే.

ధాతువు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. రామదాసు కీర్తనలకు ఆయన పాడిన వరుసలు ఇవేనని చెప్పే స్వరలిపి లేదు. నేడు కచేరీలలో వినిపించే వరుసల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రచారంలోకి తెచ్చినవి చాలా ఉన్నాయి. అవి ఎంత హృద్యంగా ఉన్నా, వాటిలోని శోకరసాన్ని గోపన్న మనఃస్థితికి రుజువుగా చూపే వ్యాసాలు ఇరవయ్యో శతాబ్ది గాయకుణ్ణి పదిహేడో శతాబ్ది ఖైదీకి ఆపాదిస్తున్నాయి.

5. ఐతిహ్యానికి కాలం కట్టడం:

గోపన్నకు తారకమంత్రం ఉపదేశించినవాడు కబీరుదాసని కథ. కబీరు జీవితకాలాన్ని ఎంత ఇటు జరిపినా పదహారో శతాబ్ది ఆరంభం దాటదు. కాబట్టి ఇది జరిగిన సంగతి కాదు. చాలామంది పరిశోధకులు ఇంతటితో ఆగిపోతారు. నిజానికి ఆసక్తికరమైన ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ముస్లిం సుల్తాను చెరలో ఉన్న రామభక్తుడికి, రాముణ్ణి కొలిచిన కబీరును గురువుగా తెచ్చిపెట్టిన కథకులు ఏ సమాజంలో బతికారు? తానీషాను క్రూరుడిగా ముగించకుండా రామదర్శనం పొందిన ధన్యుడిగా మలిచిన వారెవరు? భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషాతో ముడిపెట్టుకొన్న జనం వారు. ఈ కథ గోపన్న గురించి చెప్పేది తక్కువ. గోలకొండ సీమ ప్రజలు తమ గతాన్ని ఎలా గుర్తుంచుకోదలచారో చెప్పేది ఎక్కువ.

ఐతిహ్యం ఎంత పాతదో కొన్నిసార్లు తేల్చవచ్చు. త్యాగరాజు ‘క్షీరసాగర శయన’ కృతిలో, రామదాసు బంధనం తీర్చిన సంగతి తాను విన్నట్టు చెబుతాడు. దీనివల్ల రెండు సంగతులు తెలుస్తాయి. గోలకొండ పతనమైన నూటఅరవై ఏళ్ళలోపే విడుదల కథ కావేరీ తీరం చేరింది. చేరినది వినికిడిగా చేరింది. త్యాగరాజు వాడినది ‘విన్నాను’ అన్న క్రియ. మన చరిత్రకారులు చాలామంది కంటె ఆయన మాట ఎక్కువ ఖచ్చితమైనది.

అన్నమయ్య సంకెలలు ఊడటం, రామదాసు చెర వీడటం పక్కపక్కన పెట్టి చూస్తే భక్తుడి చరిత్రకు ఒక ముందుమూస ఉన్నదని అర్థమవుతుంది. అధికారితో విరోధం, బంధనం, దైవసాక్షాత్కారం, అధికారి పశ్చాత్తాపం అందులోని మెట్లు. జీవితంలోని సంఘటన మూసకు దగ్గరగా ఉంటే మూస దానిని మింగేస్తుంది. చలనచిత్రాలు ఆ మూసను మరింత గట్టిపరిచాయి. చిత్తూరు నాగయ్య 1946లో ‘త్యాగయ్య’, 1964లో ‘రామదాసు’ తీసి రెండింటిలోనూ తానే నాయకుడయ్యాడు. ఇద్దరు వాగ్గేయకారులు ఒకే ముఖంతో, ఒకే గొంతుతో ఒక తరం తెలుగువారి మనసులో నిలిచిపోయారు. 1997లో ‘అన్నమయ్య’, 2006లో ‘శ్రీరామదాసు’ మరొక తరానికి అదే పని చేశాయి, అక్కడా నటుడు ఒక్కడే. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో చలనచిత్ర ఘట్టాలు మూలం పేర్కొనకుండా చొరబడటం చూస్తుంటే ఇది నవ్వుకొని వదిలేసే విషయం కాదనిపిస్తుంది.

6. పేరు మాత్రమే మిగిలినప్పుడు:

ఇక సూర్యాపేటకు రావాలి. 1946-51 మధ్య సాగిన సాయుధ పోరాటంలో పాట ప్రచార సాధనంగా మాత్రమే లేదు, కబురుగా, హెచ్చరికగా కూడా తిరిగింది. సుద్దాల హనుమంతు పాటలు, జీవితం రెండూ నేడు చదువుకొనడానికి దొరుకుతున్నాయి. దానికి ఆయన గొప్పతనంతో పాటు, కుమారుడు అశోక్‌తేజ సినీగీత రచయితగా పేరుపొంది తండ్రి స్మృతిని నిలబెట్టడం ఒక కారణం. చిన్నన్న, సుబ్బరామ దీక్షితులు చేసిన పనే ఇది. యాదగిరికి అలాంటి కలం దొరకలేదు.

‘బండెనక బండి కట్టి’ పాట 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ చిత్రం ‘మా భూమి’లో గద్దర్ గొంతుతో రాష్ట్రమంతటా వ్యాపించింది. అప్పటి నుంచి చాలామందికి ఆ పాట గద్దర్‌ది. నైజాం సర్కారును నిలదీసే పాఠం స్థిరపడింది. అది మొదట స్థానిక దొరను పేరుపెట్టి పిలిచిన పాట అనే వాదం ఉంది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. అంత భూమి ఉన్న దొర ఊళ్ళలో, బండ్ల మీద తరలివచ్చే అధికారాన్ని చూసి కట్టిన పాటకు ఎదురుగా ఉన్న శత్రువు హైదరాబాదులోని నవాబు కంటె ముందు గడీలోని దొర అయి ఉండటం సహజం. పాఠం మారినప్పుడు పోయినది ఒక పేరు మాత్రమే కాదు. పాట ఏ ఊళ్ళో, ఏ కోపంతో పుట్టిందో చెప్పే ఆనవాలు పోయింది. వాగ్గేయకారుడి జీవితంలో మనకు మిగిలిన ఒకే ఒక పుట అదే అయినప్పుడు దాని విలువ ఎంతో ఊహించవచ్చు.

గోపన్న విషయంలో కథను కొంత ఒలిచి చూడవలసి వచ్చింది. ఇక్కడ ఒలవడానికి ఏమీ లేదు, పోగుచేయవలసి ఉంది. పోరాటగీతాల సంకలనాలలో రచయిత పేరుండవలసిన చోట ‘జానపదం’ అని వేయడం సంపాదకులకు సులువైన పని. జానపదమంటే కర్త లేనిది కాదు, కర్తను మనం అడగనిది. రామదాసుకు ముద్ర ఉంది, పాట చివర భద్రాచలం పలుకుతుంది. యాదగిరి పాటకు ముద్ర లేదు. పాడినవాడు చెబితేనే కర్త ఎవరో తెలుస్తుంది.

అందువల్ల పెన్‌పహాడ్, సూర్యాపేట, తుంగతుర్తి, హుజూర్‌నగర్ పల్లెల్లో పాట సేకరించే పరిశోధకుడు సాహిత్యం ఒక్కటే రాసుకొని రాకూడదు. పాడినవారి వయస్సు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చారు, ఆ నేర్పినవారు ఎవరి దగ్గర విన్నారు, నాట్ల దగ్గర పాడారా సభలో పాడారా, ఏ చరణం దగ్గర ఎవరి పేరు పలికారు, సినిమా వచ్చాక ఏమైనా మార్చారా అన్నవి పాట పక్కనే ఉండాలి. వరుసను ధ్వనిముద్రణ చేయాలి, లేకుంటే రామదాసు ధాతువుకు పట్టిన గతే దీనికీ పడుతుంది. ఒకే ఊళ్ళో ముగ్గురు మూడు పాఠాలు పాడితే వాటిని సవరించి ఒక ‘శుద్ధపాఠం’ చేయరాదు, మూడింటినీ అచ్చువేయాలి. యాదగిరి గురించి ఎవరైనా ఒక సంగతి చెబితే, చూశామన్నారా విన్నామన్నారా అన్నది వారి మాటల్లోనే నమోదు కావాలి. ఆ పోరాటం నాటికి పదేళ్ళ వయస్సున్న పిల్లలు ఇప్పుడు తొంభై దగ్గర ఉన్నారు. గ్రంథాలయంలో చేయవలసిన పని కొంత ఆగవచ్చు, వారి వాకిళ్ళలో చేయవలసిన పని ఆగదు.